రొప్పుగీత లేని గోళం

అగ్గిపెట్టె ఎక్కడ ఉండాలన్నది ప్రతి గృహ రాజ్యాంగంలోనూ మొదటి అధికరణం. రాజ్యాలు సరిహద్దుల దగ్గర కూలుతాయని చరిత్రకారులు చెబుతారు. ఇళ్ళు మాత్రం అగ్గిపెట్టె దగ్గరే కూలుతాయి. పొయ్యి పక్కన ఉన్నంతకాలం అది వంటింటి దాసి. చొక్కా జేబులోకి కాపురం మార్చిన మరుక్షణం అది రాజద్రోహి.

ఆ ఉదయం అది మూడో స్థానాన్ని కనిపెట్టింది. టిఫిన్ పళ్ళెంలో, రొట్టెముక్కల పక్కన, కొత్త సిగరెట్ పెట్టెను ఆనుకుని, ఫొటోకు కూర్చున్న దంపతుల్లా నిటారుగా కూర్చుంది.

ఇప్పుడా పళ్ళెం గోడకు తగిలి, నేలమీద పడి, గిరగిరా తిరుగుతూ ఇంకా మోగుతూనే ఉంది. విసిరిన చెయ్యి గాలిలోనే ఆగి ఉంది.

“ఎవరు పెట్టారిది?”

ఆ చెయ్యి బుడగ మేస్త్రీది. దీపాలకు తొడిగే గాజు గోళాలను ఇనుప గొట్టంలోంచి నోటితో ఊది తయారుచేయడం అతని వృత్తి గనుక, బజారు అతని అసలు పేరును ఎన్నడో రద్దుచేసి ఈ బిరుదును ప్రసాదించింది. పైన ఇల్లు, కింద బట్టీ. బట్టీలో నిప్పు, సరుకు, అధికారం అన్నగారివి. ఊపిరి మాత్రం తమ్ముడిది. ఈ విభజన మీదే ఆ కుటుంబం ఇంతకాలం తిని బతికింది.

“మిమ్మల్నే వదినా. ఎవరు పెట్టారు?”

వదిన గుమ్మంలో నిలబడి తడిచేతులు తుడుచుకుంది. “పెట్టింది నేనే. పెట్టమన్నది మీ అన్నయ్య. కోపమొస్తే ఆయన మీద విసురు. నా పళ్ళెం ఏం చేసింది నిన్ను? చూడు, ఎంత సొట్ట పడిందో!”

“తినే పళ్ళెంలో సిగరెట్లు పెడతారా?”

“మందనుకుని కాల్చు మరిదీ. మానేసిన దగ్గర్నుంచి నువ్వు మనిషిలా ఉన్నావా? నిన్న తలుపు గుద్ది చెక్క ఊడగొట్టావు. మొన్న నా తమ్ముడి తల మీదికి పటకారు విసిరావు. కాల్చే రోజుల్లో నీ అంత సాధువు ఈ వీధిలోనే లేడు.”

ఆ మాటలో అబద్ధం లేదు. అందులోని దుర్మార్గమంతా అదే. బుడగ మేస్త్రీ నోరు తెరిచాడు. సమాధానానికి బదులు దగ్గు వచ్చింది. వంగి, బల్ల అంచు పట్టుకుని, పక్కటెముకలు పటపటలాడేలా దగ్గాడు. దగ్గుతూనే అతని కళ్ళు నేలమీదికి పోయాయి. సిగరెట్ పెట్టె మూత ఊడి, తెల్లటి మొనలు బయటికి తొంగిచూస్తున్నాయి. ఎంత తెలుపు! లోకంలో అంత నిర్దోషమైన తెలుపు మరొకటి లేదనిపించింది అతనికి.

ఆ తెలుపు మీద ఒక చెయ్యి వాలింది.

“జరగండి,” అంది అతని భార్య.

వీధి చివరి ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వార్డుకు నర్సు ఆమె. డ్యూటీకి సిద్ధమై, ఇస్త్రీ మడతలు కత్తుల్లా నిలిచిన తెల్లటి దుస్తుల్లో ఉంది. సిగరెట్లను, పెట్టెను, అగ్గిపుల్లలను వేరుచేయకుండా ఒకే దోసిట ఎత్తి, వంటింటి మూలనున్న రోట్లో పోసి, రోకలి అందుకుంది. మొదటి దెబ్బకు గోడమీది గరిటెలు ఉలిక్కిపడ్డాయి. శత్రురాజధానిని నేలమట్టం చేసే సేనాపతి కూడా అంత శ్రద్ధగా, అంత మౌనంగా ఆ పని చేసి ఉండడు.

“అయ్యో, అది నేను అల్లం నూరే రోలే!” అని వదిన గోలపెట్టింది.

“కడిగిచ్చేస్తాలే అక్కా. రోలు కాబట్టి కడగొచ్చు. ఈయన ఊపిరితిత్తుల్ని అలా తీసి కడగలేను కదా.”

ఆ దంపుడు శబ్దానికే మెట్లమీద బరువైన అడుగులు లేచాయి. అన్నగారు పైకి వస్తున్నాడు. మెట్టు మెట్టుకూ ఆగుతున్నాడు. ఆ ఆగడాన్ని ఇంట్లోవాళ్ళు హుందాతనం అనుకునేవారు.

“ఏమిటా మోత?”

“మీరు పంపిన టిఫిన్ అరగడం లేదు బావగారూ. దంచుతున్నాను.”

పెద్ద మేస్త్రీ మొహం బట్టీ మూతి రంగుకు వచ్చింది. మరదలితో మాట్లాడటం తన హోదాకు తగదన్నట్టు తమ్ముడి వైపు తిరిగాడు.

“ఒరేయ్. నాటకశాల వాళ్ళకి ఇంకొక్క గోళం తక్కువ. ఒక్కటి! మిగిలినవన్నీ నువ్వు పడిపోక ముందే ఊది పెట్టావు. సాయంత్రం లారీ వస్తోంది. పెట్టెలన్నిటికీ మేకులు కొట్టేశాం, ఒక్కటి మాత్రం నోరు తెరుచుకుని కూర్చుంది. ఈ ఒక్కదానికోసం ఎన్ని ఊదావు? ఊదడం, పగలడం. ఊదడం, పగలడం. కాల్చినన్నాళ్ళూ నీ గొట్టం మీద ఒక్కటైనా పగిలిందా?”

“పగల్లేదు అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు. నిజం చెప్పడం అతనికున్న మరో దురలవాటు.

“పగల్లేదు,” అని అన్నగారి వీపు వెనకనుంచి ఇంకో గొంతు పలికింది.

అది చిలక. వదినకు తోడబుట్టినవాడు, ముప్పై దాటినవాడు. బావ నోట్లోంచి రాలిన మాటను నేలమీద పడనివ్వకుండా పట్టుకుని తిరిగి పలకడమే అతని జీవితాశయం. బట్టీలో గొట్టం పట్టడం నేర్చుకుంటున్నాడని చెప్పుకునేవారు.

“దీనికి పొగే కావాలిరా,” అన్నాడు అన్న. “పొగతో పెరిగిన ఊపిరి పొగ లేకపోతే అదుపు తప్పుతుంది. రెండు దమ్ములు లాగి, గోళం ఊది అవతల పడెయ్. తర్వాత జన్మంతా మానుకో, నాకేం?”

నర్సమ్మ రోకలి ఆపింది. “బట్టీ ముందు ఈయన నెత్తురు కక్కుకుని పడిపోతే భుజాన వేసుకుని వార్డుకు పరిగెత్తుకొచ్చింది మీరే కదా బావగారూ. ‘నా తమ్ముణ్ణి బతికించమ్మా, వీడి చేత పొగ మాన్పించమ్మా’ అని ఏడ్చిన నోరు ఇదేనా?”

“మాన్పించాక ఏమైంది? దగ్గు తగ్గిందా? ఎక్కువైంది! రాత్రుళ్ళు ఈ ఇంటి గోడలు కూడా దగ్గుతున్నాయి.”

“అది వేరే దగ్గు. మన ఊపిరి గొట్టాల్లోపల కంటికి ఆనని సన్నటి వెంట్రుకలుంటాయి. చీపుళ్ళనుకోండి. పొగ వాటిని పడుకోబెట్టేసింది. ఇప్పుడు లేచి ఊడవటం మొదలుపెట్టాయి. ఊడిస్తే దుమ్ము లేవదా?”

“ఇన్నేళ్ళు పడుకున్న చీపుళ్ళు నా ఆర్డరు వేళకే లేవాలా?”

“నా ఆర్డరు వేళకే,” అన్నాడు చిలక.

“అవి మీ బట్టీలో కూలీలు కావు, మీరు కేకేస్తే లేవడానికి.” ఆమె గొంతు తగ్గింది. తగ్గిన కొద్దీ పదునెక్కింది. “నేను మాయమాటలు చెప్పను బావగారూ. ఊపిరితిత్తుల్లో చిరిగిపోయిన గాలి గదులు మళ్ళీ అతుక్కోవు. పోయింది పోయింది. కానీ నెత్తుట్లో పేరుకున్న విషవాయువు మానేసిన మర్నాటికే దిగిపోయింది. ఇక దగ్గు తగ్గుతుంది, ఆయాసం తగ్గుతుంది. మెల్లగా. మిగిలిన కాస్తా ఇప్పుడిప్పుడే గాలి పీల్చుకుంటోంది. ఆ మిగిలిన కాస్తనీ లారీకి ఎక్కించకండి.”

రోట్లోంచి పచ్చి పొగాకు వాసన లేచి, గదంతా తిరిగి, బుడగ మేస్త్రీ ముక్కు దగ్గరికొచ్చి పాత స్నేహితుడిలా పలకరించింది.

“మధ్యాహ్నానికి గోళం నిలబడాలి,” అన్నాడు అన్న. “నిలబడకపోతే నాన్న గొట్టం నీ చేతిలో ఉండదు. వీడి చేతిలో ఉంటుంది.”

“నా చేతిలో...” అని మొదలుపెట్టిన చిలకకు, ఆ వాక్యంలో తాను ఉన్నానని తెలిసి, మిగతా మాట గొంతులోనే ఆగిపోయింది.

నర్సమ్మ సంచి భుజాన వేసుకుంది. భర్త దగ్గరికొచ్చి అలవాటు ప్రకారం, “ఊదండి,” అంది. అతను ఆమె మొహం మీద ఊదాడు. సుంకాల అధికారి మూట విప్పి చూసినట్టు ఆమె కళ్ళు మూసుకుని వాసన చూసింది. తల ఊపింది.

“నేను అన్నం వేళకి వస్తాను. అప్పుడూ ఇదే వాసన ఉండాలి. ఒక్కటి వెలిగించారో, ఈ మెట్లు నేను మళ్ళీ ఎక్కను. వార్డులో మంచాలు బోలెడున్నాయి, నాకూ ఒకటి దొరుకుతుంది.”

*

ఆ బట్టీకి తాతలనాటి శాసనం ఒకటుంది. గోళాన్ని ఒక్క ఊపిరిలో ఊదాలి. నడుమ ఆగి రెండో ఊపిరి తీసుకుంటే గాజు నడుం చుట్టూ వెంట్రుకంత వలయం మిగిలిపోతుంది. దీపం వెలిగిస్తే అది గోడమీద నీడగా పడుతుంది. దాన్ని వాళ్ళు ‘రొప్పుగీత’ అంటారు. రొప్పుగీత పడిన గోళాన్ని తండ్రి కొడుకుల కళ్ళముందే నేలకేసి కొట్టేవాడు. కొన్నిసార్లు గోళం దొరక్కపోతే కొడుకుల్నే కొట్టేవాడు. ఆ విధంగా అన్నదమ్ములిద్దరికీ కళాభిరుచి అబ్బింది.

తండ్రి ఊదిన చివరి గోళం బట్టీ గుమ్మానికి వేలాడుతూ ఉండేది, ఉయ్యాల తొట్టంత. తమ్ముడి గోళాలూ మొదట్లో దాదాపు అంతే ఉండేవి. రానురాను అతని ఊపిరి కురచైంది. శాసనం మాత్రం మారలేదు. కనుక గోళమే మర్యాదగా చిన్నదవుతూ వచ్చింది. ఈ పరిణామానికి అన్నగారు ‘నాజూకు సైజు’ అని నామకరణం చేసి, పెట్టెల్ని కూడా ఆ కొలతకే చేయించి, పాత గోళాన్ని చూపిస్తూ, “ఆ రోజుల్లో జనానికి రుచి తెలియదండీ,” అని కొనేవాళ్ళకు చెప్పేవాడు. వాళ్ళూ నమ్మారు. ఒక మనిషి ఆయాసం ఊరి అభిరుచిగా మారిన సందర్భాలు చరిత్రలో ఇంకా ఎన్ని ఉన్నాయో, వెతికే ఓపిక ఎవరికి ఉంది?

బుడగ మేస్త్రీ బట్టీ ముందు నిలబడ్డాడు. మూతి తెరవగానే వేడి మొహాన్ని చెంపదెబ్బలా కొట్టింది. గొట్టం లోపలికి దూర్చి, అలవాటైన మూడు చుట్లు తిప్పి, గాజు ముద్దను ఎత్తాడు. ఎత్తడంలో అతని మణికట్టుకు ఆలోచనతో పనిలేదు; ఇన్నేళ్ళుగా అదే ముద్ద, అదే బరువు.

అయితే ఆ ముద్దకూ ఊదడానికీ మధ్య ఒక విరామం ఉండేది. సిగరెట్ ఉండేది అందులోనే. రెండు దమ్ములు, ఒక చిన్న దగ్గు, తర్వాత గొట్టం. ఇప్పుడా విరామం పన్ను ఊడిన చిగురులా ఉంది. నాలుక అక్కడికే పోతుంది.

నిజానికి అతను అన్న మాటే నమ్మాడు. భార్య ముందు ఒప్పుకోలేదు గాని, పొగే తన ఊపిరికి పట్టు ఇచ్చిందనీ, అది పోయి తాను పనికిరానివాడు అయ్యాడనీ అతనికి గట్టిగా అనిపించింది. గొట్టం లేకపోతే తనకు పేరైనా లేదు. ఆ బిరుదు కూడా చిలకకే పోతుంది.

గొట్టం నోట పెట్టుకున్నాడు. తండ్రి పళ్ళు అరగదీసిన గాటు అతని పెదవులకు తగిలింది. ఛాతీలో ఉన్నదంతా కూడగట్టి, ఎప్పటిలాగే ప్రాణం పెట్టి ఊదాడు.

ముద్ద ఉబ్బింది, గుండ్రబడింది, మెరిసింది. నాజూకు సైజుకు వచ్చింది. దాన్ని దాటింది. అంచు ఉల్లిపొరలా పలచబడింది.

ఠాప్!

గాజు పొరలు గది నిండా ఎగిరాయి. ఒకటి అన్నగారి మెడమీద వాలి, చర్మాన్ని చీల్చి, ఎర్రటి దారాన్ని కిందికి వదిలింది. ఆయన మెడ తడుముకున్నాడు. వేళ్ళను చూసుకున్నాడు. తర్వాత ఏమీ అనకుండా వచ్చి తమ్ముడి చెంప పగలగొట్టాడు.

గొట్టం నేలమీద పడి దొర్లింది.

“ఇంకెన్ని పగలగొడతావురా? ఇంకెన్ని? నాన్న ఉంటే నిన్ను ఈ బట్టీలో తోసేవాడు!”

“నాన్న ఉంటే ముందు నీ నాజూకు సైజు చూసి ఉరేసుకునేవాడు!”

ఆ మాట ఎక్కడనుంచి వచ్చిందో తమ్ముడికే తెలియదు. వచ్చింది. దాని వెనకే పిడికిలీ వచ్చింది. అన్నగారి ముక్కు మీద దిగింది. పెద్దాయన వెనక్కి తూలి, పెట్టెల్లో పరిచే గడ్డిమోపు మీద పడి, లేచి, పొట్టేలులా తల వంచి వచ్చాడు. ఇద్దరూ కలిసి నీళ్ళతొట్టికి గుద్దుకున్నారు. తొట్టి తలకిందులైంది. కాలిన ఇనుప బల్లమీద నీళ్ళు పడి బుస్సుమని ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో వయసు మళ్ళిన ఇద్దరు మహావీరులు ఒకరి చొక్కాలు ఒకరు చించుకుంటూ, చిన్నప్పటి బూతులన్నీ క్రమం తప్పకుండా అప్పజెప్పుకున్నారు.

బరువులో అన్నది పైచెయ్యి. తమ్ముడి మెడ చుట్టూ వెనకనుంచి మోచెయ్యి బిగించి గోడకు నొక్కాడు.

“చిలకా! నా జేబులోంచి తియ్యి. వెలిగించు! వీడి నోట్లో పెట్టు!”

“నోట్లో పెట్టు,” అంటూ చిలక వెలిగించాడు. ఆవిరికి తడిసి అగ్గిపుల్లలు ఆరిపోయాయి; చివరికి ఒకటి అంటుకుంది. ఎర్రగా రాజుకున్న సిగరెట్‌ను బావగారి తమ్ముడి పెదవుల మధ్య దూర్చి, ఊడిపోకుండా రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

“పీల్చరా,” అన్నాడు అన్న, చెవిలో. “పీలిస్తే వదుల్తా. ఎంతసేపని బిగబడతావు? ఎప్పుడో ఒకప్పుడు పీల్చాలిగా.”

బుడగ మేస్త్రీ ఊపిరి బిగబట్టాడు.

పొగ సన్నగా లేచి అతని కళ్ళలోకి పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుక చివర ఆ పాత చేదు తగిలింది. ఒళ్ళంతా దానివైపు వంగింది. ఒక్క దమ్ము. ఒక్కటంటే ఒక్కటి. గొట్టం దక్కుతుంది. గోళం నిలబడుతుంది. కానీ భార్య మెట్లెక్కదు. దగ్గుతో పక్కటెముకలు నొప్పెట్టిన రాత్రుళ్ళన్నీ వృథా. అతను పీల్చలేదు.

మెడ మీది మోచెయ్యి ఇంకా బిగుసుకుంది. ఇంకా. అప్పుడు చెవి వెనక ఒక చప్పుడు వినబడింది. చిరిగిన తిత్తిలోంచి గాలి ఈడ్చినట్టు, గుర్రుమంటూ, ఈలవేస్తూ. తన ఛాతీలోంచే వస్తోందనుకున్నాడు. విన్నాడు. తనది కాదు. తను అసలు ఊపిరే పీల్చడం లేదు కదా.

రొప్పుతున్నది అన్న.

“పీ... పీల్చరా...” అన్నాడు పెద్దాయన. ఆ మాటకు రెండు ఊపిర్లు పట్టాయి. మోచెయ్యి వదులైంది. బట్టీ సింహాసనం మీద ఇన్నేళ్ళుగా తమ్ముడి వెంటే, తమ్ముడికి సమంగా తానూ కాలుస్తూ వచ్చిన సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాజూకుతనం గోళాలదే గాని పెద్దాయన ఊపిరిదని ఎవరనుకుంటారు?

తమ్ముడు ఇక బిగబట్టలేకపోయాడు. వదిలాడు.

ఆ గాలి దెబ్బకు సిగరెట్ చిలక వేళ్ళలోంచి బాణంలా ఎగిరి, తిన్నగా వెళ్ళి అతని ముక్కుకే తగిలి నిప్పురవ్వలు రాల్చింది. చిలక కెవ్వుమని వెనక్కి దూకాడు. కాలికింద గొట్టం దొర్లింది. పడుతూ పడుతూ చేతికందిన దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. అందింది అదే గొట్టం. పట్టుకున్నది బట్టీలోంచి వచ్చిన కొస.

ఆ కేకకు పైన వంటింట్లో వదిన చేతిలోంచి ఇంకో పళ్ళెం జారిపడింది.

నర్సమ్మ గుమ్మంలోకి వచ్చింది సరిగ్గా అప్పుడే. ఆమె చూసింది ఇది: నేలమీద పొగలు కక్కుతున్న సిగరెట్. పెదవులమీద బూడిదతో భర్త. ఇంకేదీ చూడలేదు. సంచి జారవిడిచి, తిన్నగా నడిచివచ్చి, అతని రెండో చెంప మీద కొట్టింది. నెత్తురు ఉమ్మి అతను గోడను పట్టుకున్నాడు.

“ఊదండి.”

పీల్చలేదన్నట్టు అతను తల అడ్డంగా ఊపాడు.

“ఊదండంటున్నానా!” చొక్కా పట్టి కుదిపింది. ఆమె కళ్ళలో నీళ్ళు, గొంతులో మాత్రం వార్డు. “వాసన ఇక్కడికే వస్తోంది. ఇన్ని రాత్రులు మీ వీపు నిమురుతూ కూర్చున్నది దీనికోసమా? చెప్పండి! ఎంత లాగారు? ఎంత పీల్చారు?”

“పీల్చలేదక్కా!”

అరిచింది చిలక. బోర్లాపడిన తొట్టి పక్కన నిలిచిన నీళ్ళలో అరచెయ్యి ముంచి, ఏడుస్తూ, మూలుగుతూ, జీవితంలో మొట్టమొదటిసారి ఎవరూ అనని మాట తనంతట తాను అన్నాడు.

“చిన్నబావ పీల్చలేదు. ఊదాడు! ముక్కు కాలింది చూడు! నేను అంత గట్టిగా పట్టుకున్నాను, అంత గట్టిగా ఊదాడు!”

పెద్ద మేస్త్రీ గడ్డిమోపు మీద కూలబడి, నోరు తెరుచుకుని గాలికోసం ఈదుతున్నాడు. తమ్ముడు అన్నను చూశాడు. భార్యను చూశాడు. నేలమీద గాజుపొరలను చూసి, వంగి ఒకటి తీసి వెలుగుకు ఎత్తి పట్టాడు. ఊదితే కదిలేటంత పలచన.

“అన్నయ్యా,” అన్నాడు నెమ్మదిగా. “పగిలింది ఊపిరి చాలక కాదు.”

“మ... మరి?”

“ఎక్కువై. ముద్ద పాతదే ఎత్తుతున్నా. పొగ తాగేవాడి ముద్ద. గాలి మాత్రం...” తన ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకున్నాడు, అక్కడ పరాయివాడెవరో ఉన్నట్టు. “గాలి పెరిగింది. నాకు తెలియలేదు. ఉన్నదంతా పెట్టి ఊదడమే నాకు అలవాటు. అంత గాలికి ఇంత ముద్ద ఏం చాలుతుంది?”

నర్సమ్మ చొక్కా వదిలేసింది. తాను కొట్టిన చెంప మీదికి ఆమె చెయ్యి వెళ్ళబోయి, దారిలో మనసు మార్చుకుని, కాలిన చిలక చేతిని అందుకుంది.

*

ఆ తర్వాత జరిగింది పట్టాభిషేకం తప్ప మరొకటి కాదు.

బుడగ మేస్త్రీ గొట్టాన్ని తుడిచాడు. బట్టీలో మూడు చుట్లు తిప్పాడు. మణికట్టు ఆగబోయింది, ఆగనివ్వలేదు. ఇంకో చుట్టు తిప్పాడు. పైన మరొకటి. గాజు ముద్ద బరువుకు గొట్టం వంగుతుందేమో అనిపించింది. పెదవి పగిలి నెత్తురు కారుతోంది. తండ్రి పంటిగాటు ఉప్పగా తగిలింది.

ఊదాడు.

గోళం పుట్టింది. పెరిగింది. నాజూకు సైజును పలకరించకుండానే దాటిపోయింది. అందరూ చెవులు మూసుకున్నారు. పగల్లేదు. అతని మెడనరాలు తాళ్ళలా లేచాయి, కళ్ళముందు నల్లటి చుక్కలు తిరిగాయి, ఛాతీ అడుగున ఎక్కడో ఒక చీపురు కదిలి దగ్గు బయలుదేరింది. వచ్చే దగ్గును పళ్ళబిగువున అణిచాడు. గోళం ఇంకా పెరుగుతోంది. పెద్ద మేస్త్రీ తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. గుమ్మానికి వేలాడుతున్న తండ్రి గోళాన్ని ఒకసారి, దీన్ని ఒకసారి చూశాడు.

అప్పుడు ఆపాడు తమ్ముడు. గొట్టం కొసన గోళం సంధ్యాకాశపు రంగులో మెల్లగా తిరుగుతూ నిలబడింది.

దాన్ని విడదీసి, మెల్లగా చల్లారే గూట్లో పెట్టి తలుపు మూశాకే అతను గోడకు ఒరిగి, తనివితీరా దగ్గాడు. ఆ దగ్గును ఆ ఇంట్లో ఎవరూ తప్పుపట్టలేదు.

గోళం చల్లారేదాకా మధ్యాహ్నమంతా ఆగాల్సి వచ్చింది. వదిన టీ తెచ్చి సొట్టపళ్ళెంలోనే పెట్టింది. నర్సమ్మ చిలక చేతికి కట్టు కట్టి, బావగారి మెడ తుడిచి, ముక్కు తుడిచి, అడక్కుండానే ఆయన ఛాతీకి చెవి ఆనించింది.

“రేపు వార్డుకు రండి.”

“నాకేం?” అన్నాడాయన.

“రేపు చెబుతాను.”

ఆయన జేబు తడుముకున్నాడు. సిగరెట్ పెట్టె తీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి, బట్టీ మూతి వైపు చూసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. తమ్ముడు చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. అన్నదమ్ముల మధ్య ఇంత నాజూకైన మర్యాద అంతకుముందెన్నడూ లేదు.

పొద్దు వాలుతుండగా లారీ వచ్చి వీధిలో హారన్ కొట్టింది. గూడు తలుపు తీశారు. చల్లబడిన గోళాన్ని పెద్ద మేస్త్రీ రెండు చేతులా ఎత్తి, దీపానికి పట్టి, గోడమీద వెలుగును వెతికాడు. నీడ లేదు. వలయం లేదు. మళ్ళీ తిప్పి చూశాడు. ఎక్కడా లేదు.

“రొప్పుగీత లేదురా,” అన్నాడు. “అచ్చం నాన్న చేతిలోదే. ఒరేయ్ తమ్ముడూ, గొట్టం నీదేరా. చచ్చేదాకా నీదే.”

“నీదే,” అన్నాడు చిలక, కట్టు కట్టిన చేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

బుడగ మేస్త్రీ గొట్టాన్ని గోడకు ఆనించాడు. భార్య వైపు చూశాడు. ఆమె దగ్గరికొచ్చి, “ఊదండి,” అంది. ఊదాడు. ఆమె నుదుటి మీది జుట్టు వెనక్కి ఎగిరింది. ఈసారి ఆమె వాసన చూడలేదు.

హారన్ మళ్ళీ మోగింది.

నోరు తెరుచుకుని కూర్చున్న చివరి పెట్టె దగ్గరికి అన్నగారు ఊరేగింపుగా నడిచి, గోళాన్ని అందులోకి దించాడు. ఆగాడు. మళ్ళీ ఎత్తాడు.

“గడ్డి తియ్యరా.”

“తీశాను బావా.”

“అడుగున కూడా.”

“అడుగున కూడా తీశాను.”

మళ్ళీ దించాడు. పెట్టె కంటే గోళం బొటనవేలంత పెద్దది.